ఆరోసారి నిరక్షరాస్యురాలైన భూదేవి మనవి

తార్నాక,
12-11-2025.

అక్షర వెలుగు పథకం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, సీతాఫల్‌మండి నివాసి, యూనివర్సిటీ మహిళా హాస్టల్ మెస్సులో వంట సహాయకురాలు, కె. భూదేవి, భర్త పేరు కొమురెల్లి, వయసు 48 సంవత్సరాలు, రాసుకున్న అర్జీ.

విషయం: ఐదుసార్లు అక్షరాస్యురాలినైన నన్ను ఆరోసారి నిరక్షరాస్యుల జాబితాలో చేర్చుట – వెంటనే తొలగించుట – ఆ ఖాళీలో శివమ్మను చేర్చుట – గురించి.

సూచిక: తమ కార్యాలయం రెండో నంబరు కిటికీ దగ్గర నేను నాలుగుసార్లు నిలబడుట.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీ నేనే రాశాను. ఎవరిచేతా రాయించలేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తమ రికార్డుల ప్రకారం నాకు నా పేరు రాయడం కూడా రాదు. మరి ఈ ఆఫీసు భాష ఎక్కడిదని తమకు అనుమానం రావచ్చు. మా మెస్సు గోడకు అంటించే సర్క్యులర్లన్నీ నేను ఐదేళ్లుగా చదువుతున్నాను. హాస్టల్ మొత్తంలో వాటిని చదివేది నేనొక్కదాన్నే.

1. 2019వ సంవత్సరంలో శైలజ అనే ఎం.ఏ. విద్యార్థిని మా వంటింట్లోకి వచ్చినది. తమ పథకం కింద పదిమందికి చదువు చెబితేనే ఆమెకు ప్రాజెక్టు మార్కులు వేస్తారట. ఉల్లిగడ్డలు కోస్తున్న నన్ను తీసుకుపోయి పలక ముందు కూర్చోబెట్టినది. ఆ పిల్ల నిజంగా చెప్పింది, నాకు నిజంగా వచ్చింది. నా జన్మలో నేను మొదట చదివింది మా మెస్సు బోర్డు. దాని మీద "నేటి కూర: పాలక్ పన్నీర్" అని ఉన్నది. గిన్నెలో ఆలుగడ్డ ఉన్నది. చదువొస్తే కళ్లు తెరుచుకుంటాయని అందరూ అంటుంటే ఏమో అనుకున్నాను. ఆ సంగతి పైకే అన్నాను, ఆనాటి నుండి మెస్సు మేనేజరుకు నేనంటే పడదు.

2. ఇంతటితో నా చదువు పూర్తి అయి ఉండవలసినది. కానీ మరుసటి ఏడాది ఇంకో విద్యార్థిని వచ్చి, తొమ్మిదిమంది దొరికారు, పదో మనిషి దొరకడం లేదని కన్నీళ్లు పెట్టుకున్నది. నేను వడ్డించిన అన్నం తినే పిల్ల. కాదనలేకపోయాను. "భూదేవి"కి చదువొచ్చేసింది కాబట్టి "బూదేవమ్మ" అని రాసుకున్నారు. అది కరోనా ఏడాది కనుక ఫోనులోనే అక్షరాస్యురాలినయ్యాను. ఆ తరువాత "కె. దేవమ్మ"గా ఒకసారి, "భూలక్ష్మి"గా ఒకసారి, నిరుడు ఏకంగా "శ్రీమతి కొమురెల్లి"గా చదువు నేర్చుకున్నాను. ఏటేటా సర్వే కొత్తది, జాబితా కొత్తది. పాతది నేనొక్కదాన్నే.

3. చదువురాని మనిషిలా నటించడం చదువుకోవడం కంటే కష్టమని తమకు తెలియజేయడమైనది. నాలుగో వారంలో "చ" వరకే రావాలి. అయిదో వారం పాఠం నోటికి వచ్చినా మింగేయాలి. బలపం పిడికిట్లో పట్టుకోవాలి. 2023లో తమకన్నా ముందున్న అధికారి గారు తనిఖీకి వచ్చినప్పుడు నా వల్ల పెద్ద పొరపాటు జరిగినది. వారి చేతిలోని కాగితం నాకు తలకిందులుగా కనిపిస్తున్నా, అలవాటు చొప్పున "మధ్యాహ్నం సార్‌కు చికెన్ బిర్యానీ, ఇద్దరికి" అని పైకి చదివేశాను. అధికారి గారు "ఈమె ఎట్లా చదివింది?" అని అడిగారు. వలంటీరు పిల్ల ఏమాత్రం తొణక్కుండా, "చదవలేదు సార్, వంటామె కదా, వాసన పట్టి చెప్పింది" అన్నది. వారు సంతృప్తి చెంది సంతకం చేసి వెళ్లినారు. బిర్యానీ అప్పటికింకా రాలేదు.

4. ఇంతవరకు నేను నవ్వుకుంటూనే ఉన్నాను. అసలు బాధ ఈ సంవత్సరమే వచ్చినది.

మెస్సులో పనిచేసేవారు పదో తరగతి పాసైతే, యాభై ఏళ్లు దాటకముందు, యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా మారవచ్చు. ఈ సర్క్యులర్ కూడా గోడ మీదనే చదివాను. నాకు నలభై ఎనిమిది. పాసయ్యాక బదిలీకి ఇంకో ఏడాది పడుతుందట. ఈ ఏడు ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టకపోతే ఇక నాకు దారి లేదు. ఫారంతో పాటు తమ కార్యాలయం నుండి అక్షరాస్యత ధ్రువపత్రం పెట్టాలి. గడువు ఈ నెల 30.

అయితే ఈసారి వలంటీరు దివ్య అనే అమ్మాయి, కర్నూలు పిల్ల, చాలా నిజాయితీపరురాలు. దొంగపేరు రాయడం తప్పని, నా అసలు పేరు, ఆధార్ కార్డు నంబరుతో సహా ఎక్కించింది. 2019 నాటి నా పాసుకు కార్డు నంబరు లేదు కనుక సిస్టం దాన్ని లెక్కచేయలేదు. "ఈ ఒక్కతూరికి నీకు సదువు రాదని చెప్పమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా" అంటే సరేనన్నాను. నాకు అటెండరు సంగతి అప్పటికి తెలియదు. ఆమె నిజాయితీతో నా కొంప మునిగింది. ఆ పిల్ల మీద చర్య తీసుకోవద్దని ప్రార్థన. ఆమె పప్పన్నం తప్ప ఏమీ తినదు, ఇప్పటికే సన్నగా ఉన్నది.

5. రెండో నంబరు కిటికీలో కూర్చునే తమ గుమాస్తా రామాంజనేయులు గారిని నాలుగుసార్లు కలిశాను. సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"సార్, నాకు చదువొచ్చు. గా జాబితల కెల్లి నా పేరు తీసెయ్యుండ్రి."

"సిస్టంలో నువ్వు నిరక్షరాస్యురాలివమ్మా. దరఖాస్తు మీద సంతకం పెట్టినావు, చెల్లదు. వేలిముద్ర ఏసుకొని రాపో."

"సంతకం వస్తదని చెప్పనీకే కదా సార్ నేనొచ్చింది. వేలిముద్ర ఏస్తే చదువు రాదన్నట్టే కదా."

"నువ్వు చెప్తే సాలదు. మార్చిలో పరీక్ష రాసి పాస్ కావల్ల. అప్పుడు సిస్టమే చెప్తాది."

"మార్చి దాంక ఆగితే నా గడువు పోతది సార్."

"నేనేం చేసేది? కావాలంటే నోటీసు బోర్డు మీద రూల్సు ఉండాయి, పోయి చదువుకో."

అయ్యా, నేను పోయి చదువుకున్నాను. తిరిగి వచ్చి ఆరో రూలులో ఏమున్నదో చెప్పాను. అభ్యంతరాలను ప్రత్యేకాధికారి గారికి రాతపూర్వకంగా ఇవ్వవచ్చును, వారు విచారించి పదిహేను రోజులలో పరిష్కరించవలెను. రామాంజనేయులు గారు కళ్లజోడు తీసి నన్నొకసారి చూసి, మళ్లీ పెట్టుకొని, "భోజనానికి టైమైంది" అన్నారు. మంచి మనిషే. నాకు కుర్చీ వేయించారు.

6. ఈ ఆరో అంశం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా మెస్సులో గిన్నెలు తోమే శివమ్మ అని ఒక ఆమె ఉన్నది. ఆమెకు నిజంగానే చదువు రాదు. మూడేళ్లుగా ప్రతి వలంటీరునూ "బిడ్డా, నా పేరు రాసుకో" అని అడుగుతుంది. ఎవరూ రాసుకోరు. ఆమెకు చూపు మందం, చదువు నెమ్మదిగా వస్తుంది, ఒక సెమిస్టరులో నేర్చుకోవడం ఆమె వల్ల కాదు. ఆమె ఫెయిలైతే పిల్లల మార్కులు పోతాయి. నేనైతే పాసవడం ఖాయం. కాబట్టి చదువు రానివాళ్లకు చదువు చెప్పే పథకంలో, చదువు రాకపోవడం వల్లనే శివమ్మకు చోటు దొరకలేదు.

శివమ్మకు బీపీకి ఒక గోలీ, షుగరుకు ఒక గోలీ. రంగు చూసి వేసుకుంటుంది. పోయిన నెల మందుల దుకాణంలో వేరే కంపెనీవి ఇచ్చారు, రంగులు మారాయి. ఏది ఏదో తెలియక, ఎవరినైనా అడగడానికి సిగ్గుపడి, నాలుగు రోజులు రెండూ మానేసింది. నల్లా దగ్గర పడిపోయింది. మేము గాంధీ ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు గారు గోలీల అట్ట చూపించి "మీద రాసే ఉంది కదమ్మా" అన్నారు. శివమ్మ తల వంచుకున్నది. నేను కూడా వంచుకున్నాను. ఆమె కూర్చోవలసిన పలక ముందు ఇన్నేళ్లూ నేను కూర్చున్నాను, పైగా బిర్యానీ కథ చెప్పి అందరినీ నవ్వించాను. నాకు చాలా సిగ్గుగా ఉన్నది. ఈ తప్పులో నా వంతు నేను ఒప్పుకుంటున్నాను.

కావున తమరు దయతలచి:

(అ) నన్ను ఒక్కసారే, పూర్తిగా, మళ్లీ చెరిగిపోకుండా అక్షరాస్యురాలిగా గుర్తించి, 30వ తేదీ లోపల ధ్రువపత్రం ఇప్పించవలెను. అనుమానముంటే తమరే పరీక్ష పెట్టవచ్చును. కాగితం ఎటు తిప్పి ఇచ్చినా అభ్యంతరం లేదు.

(ఆ) నా చోట శివమ్మను చేర్చుకొని, ఆమెకు రెండేళ్లు పట్టినా దివ్యకు మార్కులు పోకుండా చూడవలెను. నేను రోజూ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి చెప్పిస్తాను. ఆరుగురు వలంటీర్లకు చదువు చెప్పడం నేర్పిన అనుభవం నాకున్నది.

పై కోరికలు మన్నించడం కుదరని పక్షంలో, అత్యంత వినయంతో ఒక సంగతి తెలియజేస్తున్నాను. కిటికీ దగ్గర నిలబడినప్పుడు తమ కార్యాలయం బీరువా వెనుక ఒక కొత్త బోర్డు చూశాను. "నూటికి నూరు శాతం అక్షరాస్యత సాధించిన ప్రాంతం" అని ఉన్నది. పెయింటింగ్ బాగున్నది. మార్చిలో పరీక్ష రాసేవారిలో మా మెస్సువాళ్లం, పక్క హాస్టల్ మెస్సులవాళ్లం కలిపి ఇరవై ముగ్గురం. అందరం పాతకాపులమే. ఈసారి అందరం ఖాళీ కాగితాలు ఇవ్వాలని మొన్న బియ్యం ఏరుతూ మాట్లాడుకున్నాము. తమ రికార్డుల ప్రకారం మేము చేసేది తప్పు కూడా కాదు. మాకు చదువు రాదు కదా.

ఇది బెదిరింపు కాదని, కేవలం సమాచారం నిమిత్తం అని మనవి. తమరు చిత్తగించవలెను. చిత్తగించడానికి తీరిక లేకుంటే కనీసం చదవవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు, తమ ఇరవై ముగ్గురిలో ఒకతె,
(సంతకం) కె. భూదేవి

గమనిక: వేలిముద్ర వేయబడలేదు.

తా.క.: సారూ, ఆఫీసు భాష గీడికి అయిపోయింది. ఇగ నా మాట. జవాబు ఫోన్ల పంపకుండ్రి. దివ్యతోని చెప్పి పంపకుండ్రి. ఉత్తరం రాయుండ్రి, నా పేరు మీద, మెస్సు అడ్రసుకు. నాకు చదువొచ్చిందని ఐదు సర్టిఫికెట్లు ఇచ్చిన్రు గానీ అన్నీ చెప్పిన పిల్లలకే ఇచ్చిన్రు. నా పేరు మీద ఇప్పటి దాంక ఒక్క ఉత్తరం రాలే. మీరు కాదన్నా సరే, కాదనే రాయుండ్రి. ఇంకొకళ్లు చెప్తే వినుడు నాకొద్దు. నేనే చదువుకుంట.