తొమ్మిదిసార్లు అమ్మిన కోడి

బందరు, 1-12-37

శ్రీమతి సౌభాగ్యమ్మగారికి,

నేను ఇక్కడి ఆసుపత్రిలో మీ తమ్ముడు జీవానందం మేష్టారి పక్క మంచం రోగిని. కాలు విరిగింది. రిజిస్ట్రారాఫీసులో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాని. ఆయన అరికాళ్ళలో మొదలైన తిమ్మిరి పది రోజుల్లో నాలుక దాకా పాకింది కదా. ఇలాంటి జబ్బు డాక్టరుగారు ఇదివరకు ఒక్కటే చూశారట. ఇప్పుడు ఎడమచేతి బొటనవేలికి కదలిక తిరిగి వచ్చింది. రోజూ మాలీషు చేయిస్తే చేతులూ వస్తాయట. ఇరవై నాలుగు రూపాయలవుతుంది.

విధేయుడు,
ఉమామహేశ్వరరావు

తా.క. మీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను. ఆయన ఒకసారి కళ్ళు మూస్తే ఔను, రెండుసార్లయితే కాదు.

అవనిగడ్డ, 6-12-37

అయ్యా,

ప్రభువు మీ కాలు బాగుచేయుగాక. నిన్న మా దేవాలయంలో తమ్ముడి మాలీషు కోసం కోడిని అమ్మాము. తొమ్మిదిసార్లు. పదకొండు రూపాయలు మనియార్డరు చేశాను.

సౌభాగ్యమ్మ

తా.క. కోడి నా దగ్గరే ఉంది. గుడ్లు పెడుతోంది.

బందరు, 9-12-37

అమ్మా,

ఒకే ఆస్తిని తొమ్మిదిమందికా! ఒక నేల చెక్కని ఇద్దరికి అమ్మినవాళ్ళే జైలుకి వెళ్ళడం చూశాను. మీ ఉత్తరం వినగానే మేష్టారు నిలువునా వణికిపోయారు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. తక్షణం అమ్మకాలు ఆపండి.

కంగారుతో,
ఉమామహేశ్వరరావు

తా.క. కోడి మీ స్వాధీనంలోనే ఉందని ఇంకెవరికీ రాయకండి.

అవనిగడ్డ, 13-12-37

అయ్యా,

అది మా చర్చి కోతపండుగ వేలం. పాడుకున్నవాళ్ళు దేవుడికే తిరిగి ఇచ్చేస్తారు. మళ్ళీ పాడతాం. తమ్ముడికి తెలుసు. నిన్నటితో ఇరవై రెండు రూపాయలయ్యాయి. పాడినవాళ్ళలో ఏడుగురు వాడి శిష్యులు.

సౌభాగ్యమ్మ

తా.క. నాంచారయ్య రెండుసార్లు పాడాడు. ఎక్కాలు రాక తమ్ముడి చేత ఎక్కువ దెబ్బలు తిన్నది అతనే.

బందరు, 16-12-37

అమ్మా,

క్షమించండి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి దస్తావేజు చూడలేదు. నా పాట రెండు రూపాయలు, ఇందుతో పంపాను.

ఉమామహేశ్వరరావు

తా.క. మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. మా ఆవిడకి తెలియనివ్వకండి.

అవనిగడ్డ, 20-12-37

అయ్యా,

ఇరవై నాలుగూ నిండాయి. దేవునికి స్తోత్రం. పాట మీ మీదే ఆగింది. తిరిగి ఇస్తానని మీరు రాయలేదు. ఒకరి వస్తువు మేము ఉంచుకోము. రేపు రేవు దాటించి కోడిని పంపుతున్నాను.

సౌభాగ్యమ్మ

తా.క. నూకలు కూడా పంపుతున్నాను.

బందరు, 30-1-38

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను. వంకరైనా చదువుకో. నాలుగు రోజులు పట్టింది.

ఆ రోజు నేను వణకలేదు, నవ్వాను. నోరు నవ్వలేకపోతే ఒళ్ళంతా నవ్వింది. నీకు కంగారు ఉత్తరం రాయొద్దని ఎన్నిసార్లు రెండేసిసార్లు కళ్ళు మూశానో! నిద్ర వస్తోందనుకుని ఉమామహేశ్వరరావుగారు దుప్పటి కప్పించారు.

కోడి నర్సు సరోజగారి పెరట్లో ఉంది. ఆడవాళ్ళ వార్డులో మాణిక్యం అనే ఆమెకి కూడా మాలీషు కావాలి. అందుకని ఉమామహేశ్వరరావుగారు మంచం మీద కూర్చునే వేలం వేస్తున్నారు. ఆరుసార్లు అమ్మారు. నువ్వు ఊళ్ళో కూర్చుని పంపింది ఒక్క కోడినే అక్కా, ఇక్కడ ఇద్దరు లేస్తున్నారు.

నీ తమ్ముడు,
జీవానందం

తా.క. ఆయన ప్రతి అమ్మకానికీ దస్తావేజు రాస్తున్నారు. సాక్షి సంతకం నాది. ఈ చేతికి మొదట వచ్చిన రాత అదే.