గేటు మిషన్ల పాత అంకె

నజ్మా ఏరియా, దోహా.

లచ్చక్కకు నీ తమ్ముడు గంగారాం దండాలు వెట్టి రాసేది. ఈడ నా పానం మంచిగనే ఉన్నది. ఆడ నీ మోకాలు నొప్పి ఎట్లున్నది? పిల్లలు మంచిగున్నరా? బావ నన్ను ఇంకా తిడుతనే ఉన్నడా? తిట్టుమను, తిట్టకుంటే నాకు అన్నం అరగది.

ఫోన్ ఉండంగ ఉత్తరం ఏందిరా అంటవ్. ఫోన్ల నేను 'అక్కా' అంటేనే నువ్వు నవ్వుతవ్. షేక్ బిడ్డ నన్ను లగ్గం చేస్కుంటనంటుందని చెప్పి మీ అందర్ని ఆగం జేసినంక, నా మాట ఇంట్ల ఎవ్వరు నమ్ముతరు? అందుకే రాస్తున్న. జర నవ్వకుండ సదువు.

ఎండలు మస్తుగున్నయ్. నల్లా ఇప్పితే వేన్నీళ్లే వస్తయ్, ఇంత చాయ్‌పత్త ఏస్తే చాయే. నాకైతే బాధ లేదు, నా డ్యూటీ ఏసీల. లుసైల్ దిక్కు కంప్యూటరోళ్ల ఆఫీసుల చాయ్ కాసుడు, కప్పులు కడుగుడు. తిండికి సుత బాధ లేదు. కాని రూంల ఒక్కణ్నే తినబుద్ధయితలేదు. ఎందుకంటే యూసుఫ్ భాయ్ మంచం ఖాళీగున్నది.

అవునక్కా, ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మన గల్లీ యూసుఫ్ భాయే. రంజాన్ పండుగకు 'ఆపా' అనుకుంట నీకు షీర్ కుర్మా తెచ్చెటోడు. ఎట్ల బక్కగైండో చూసినవ్ గద? ఎందుకైండో చెప్త.

ఆయనది ఇనుప సలాకలు కట్టే పని. ఎండకాలం మిట్టమధ్యాహ్నం పని బంద్ ఉంటది. మళ్ల లోపలికి పోవాలంటే గేటు కాడ మిషన్ మీద వేలు వెట్టాలె. వేలు పడకుంటే ఆ పూట హాజరీ పడదు. అందుకే మిషన్ ఆగిపోయినా లైన్ ఇడిసి ఎవ్వడు పోడు, మాడ్తనే నిలవడ్తరు. ఒకనాడు గట్లనే నిలవడి యూసుఫ్ భాయ్ కండ్లు తిరిగి పడ్డడు. రూంకు తెచ్చి పండవెట్టిన.

ఆ మిషన్ లోపలి పని మా ఆఫీసోళ్లదే. ఎవరొచ్చిన్రు, ఎవరు పోయిన్రు అన్నదంత అది ఒక ఫైల్ల రాసుకుంటది. లాగ్ అంటరు. ఆ ఫైల్ ఇంతే ఉండాలె అని లోపల ఒక అంకె కట్టేసిన్రు. సైట్ల మంది పెరిగిన్రు, ఫైల్ జల్ది నిండుతుంది, నిండంగనే మిషన్ బిగుసుకుంటుంది. మా కరీంనగర్ పిల్ల, స్వాతి మేడం, ఏ సైటుకు ఎంత కావాల్నో అంత వెట్టుకునేటట్టు మార్చి రాసింది.

రాస్తే అయిపోదు. ఒకరు రాసింది ఇంకొకరు కండ్లల్ల ఒత్తులేసుకుని చూసి 'ఓకే' అనాలె. చూసేది మురళి సారు, బెజవాడాయన. నేను చాయ్ వట్టుకుపోతే అందరు ఒక్కటే తెర దిక్కు చూస్తున్నరు.

"ఏంది మేడం, పిల్లను చూడవోయినా గింత మంది పోరు" అన్న.

"చాయ్ వెట్టి పో అన్నా. సార్ ఓకే అంటే నీకు లడ్డు" అన్నది.

సారు తెర మీదికెల్లి కన్ను తియ్యలే. "ఎవడైనా కొండంత పెడితే డిస్కంతా నిండి గేటే పడుకుంటుందమ్మా. దానికో హద్దు పెట్టు. ఇంకోటి, సైటు వాళ్లు ఏమీ పెట్టకపోతే పాత అంకే ఉండాలి. నడిచేవాటిని మనం కదపొద్దు."

మాట మంచిదే గద. అందరు తలకాయలూపిన్రు. ట్రే వట్టుకుని నేను సుత ఊపిన.

మేడం సారు చెప్పినట్టు రాసింది. ఓకే అయింది. లడ్డు తిన్నం. యూసుఫ్ భాయ్ సైటుకు సుత కొత్తది ఎక్కింది అన్నరు. నేను రూంకు ఉరికిన.

"భాయ్, ఖుష్ ఖబర్! గేటు బాగైంది."

"చల్, ఝూటే. మొన్న నా చాయ్ల ఉప్పేసినోడు ఎవడు?"

"ఈసారి నిజం భాయ్."

"కసమ్ ఖా."

"లచ్చక్క మీద ఒట్టు."

ఇగ నవ్వలే. నీ మీద నేను అబద్ధం ఒట్టు వెట్టనని ఆయనకు ఎరుకే. వాళ్ల ఫోర్మన్ వేరే సైట్ల స్టోర్‌కు రమ్మన్నడక్కా, నీడపట్టున కూసునే పని. నా మాట ఇని వద్దన్నడు. "గేటు బాగైనంక నా గుంపును ఇడిసి ఎందుకు పోత" అన్నడు.

మళ్ల మిషన్ బిగుసుకుంది. మళ్ల అందరు నిలవడ్డరు. ఈసారి పడ్డ భాయ్ రూంకు రాలే, దవాఖానకు పోయిండు. ఎండదెబ్బకు రెండు కిడ్నీలు పోయినయన్నరు.

నేను స్వాతి మేడంను అడిగిన, "మార్చిన్రు గద మేడం?"

"మార్చుకునే వీలిచ్చినమన్నా. సైటోళ్లు కొత్త అంకె వెట్టుకోవాలె. వాళ్లు వెట్టుకుంటరని మేమనుకున్నం, మేమే వెట్టినమని వాళ్లనుకున్నరు. పాతదే నడుస్తుంది."

"అయితే లడ్డు దేనికి తిన్నం మేడం?"

ఆ పిల్ల ఏడ్సింది. మురళి సారు చాయ్ ముట్టలే. లేచి సైటుకు ఆయనే పోయి అంకె మార్చిచ్చిండు. చిటికెల అయిపోయిందట.

దవాఖానల యూసుఫ్ భాయ్ నన్ను చూసి నవ్విండక్కా. "క్యా జోక్ మారా రే గంగారాం! ఆపా మీద ఒట్టేసి మరీ." జోక్ గాదు భాయ్ అన్న. ఇంక నవ్విండు. తిట్టినా మంచిగుండేది. ఎన్ని తాపలు చెప్పినా గదే నవ్వు. నేను సదువుకున్ననా, అంకె గురించి మంచిగ చెప్పనీకె?

ఆయనకు ఉర్దూ అచ్చరాలే వస్తయ్, తెలుగు సదవరాదు. ఈ ఉత్తరం మొత్తం ఆయన్ను కూసోవెట్టి సదివి ఇనిపియ్యి. నీ మాట నమ్ముతడు. నీ మీద ఒట్టు వెట్టిన నాడు నేను నిజమనుకునే వెట్టిన.

ఆయనింటికి పోయినప్పుడల్ల మామిడి తొక్కు పట్టుకపోకు, ఆయనకు ఉప్పు వద్దన్నరు. రక్తం కడిగే దవాఖానకు ఆయన ఎంబడి బావను తోలు. నాకు తొక్కు పంపకు, ఒక్కణ్నే తినలేను. పెద్దవ్వ కాళ్లు మొక్కిననని చెప్పు, బావకు దండం. మీ దీవెన ఉంటే నేను మంచిగనే ఉంట, ఫికర్ జెయ్యకు.

నీ తమ్ముడు
గంగారాం

యూసుఫ్ భాయ్, అక్క సదువుతుంటే నవ్వుతున్నవ్ గద. ఈ ఒక్కసారి నవ్వకు భాయ్.