బేస్‌మెంట్‌లో మూడు గ్లాసులు

న్యూజెర్సీ రాష్ట్రం ప్లెయిన్స్‌బరోలో ఉంటున్న కొల్లి నాగమల్లేశ్వరి అనే నేను, అరవై మూడేళ్ళ వయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా ఇది. డాక్టర్లు నా కాలేయానికి దసరా దాకా గడువిచ్చారు. తాగింది మా ఆయన, చెడింది నా కాలేయం. ముక్కు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తోంది. దీని ఇంగ్లీషు కాపీ మా లాయర్ దగ్గర ఉంది. దీన్ని అమలు చేయాల్సింది మా అమ్మాయి రిషిత. దానికి తెలుగు చదవడం రాదు కనుక పొరుగింటి పద్మ చదివి వినిపించాలి.

1. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. చట్టమే దాన్ని నా భర్త రాజారావు గారికి ఇస్తుంది. అందులో నా దయ ఏమీ లేదు.

2. ప్రతి శనివారం బేస్‌మెంట్‌లో స్నేహితులకు ఆయన "నా బ్లెండ్" అని పోస్తున్న పొగ విస్కీని ఇరవై ఏళ్ళుగా కలుపుతున్నది నేను. నాలుగు డిస్టిలరీల స్కాచ్ మాల్టులు, అన్నీ బార్లీవే. పీట్ అనే బురదనేల మట్టిని కాల్చిన పొగ మీద బార్లీని ఆరబెట్టి చేసినది ఒక పాలు, తియ్యనివి మూడు పాళ్ళు. మందుల కంపెనీ ల్యాబ్‌లో చుక్కలు కొలిచే పిప్పెట్ పట్టిన చెయ్యి ఇది. కలిపాక గాజు జార్‌లో ఆరు వారాలు ఆవకాయ జాడీల వెనక దాచేదాన్ని. ఆయన చెయ్యి అటు ఎన్నడూ పోదు. ముందు కట్టెల పొయ్యి మీద అడుగంటిన పాల వాసన రావాలి, తర్వాత మామిడి తాండ్ర, చివర్న నాలుక మీద కాస్త ఉప్పు. పొగ మిగతా రెంటినీ తొక్కేస్తే పారబోసి మళ్ళీ కలిపేదాన్ని.

"ఆడవాళ్ళు మందు ముట్టారంటే పరువు పోద్ది, నా పేరు చెప్తాలే" అన్నారు మొదట్లో. సరేనన్నాను. ఆ తప్పు నాది.

3. ఆయన స్నేహితుడు దివాకర్ గారికి నా ఇంగువ డబ్బా. 2016 దీపావళికి ముందు శనివారం పకోడీలు పట్టుకుని కిందికి దిగి, ఈసారి పొగ ఎక్కువైందని నోరు జారాను. "దీనికి పప్పులో ఇంగువ తప్ప ఇంకేం వాసన తెలుసు?" అన్నారు మా ఆయన. అందరికన్నా గట్టిగా నవ్వింది దివాకర్ గారే. అదే విస్కీలో కోక్ పోసుకుని తాగుతూ నవ్వాడు మహానుభావుడు.

4. పద్మకు నా ఆకుపచ్చ గద్వాల చీర. మా వంటింట్లో ఒక్క గుక్క రుచి చూసి, "అక్కా, ఇది నీ చేతిదే కదూ" అంది. నాకు ఏడుపొచ్చింది.

5. ఇదంతా అబద్ధమని మా ఆయన అంటారు. నిరూపించుకోవచ్చు. శనివారం బ్యాచ్ మొత్తం ఉండగా, నేను సీసాలో పోసి పెట్టినదాన్ని రిషిత మూడు గ్లాసుల్లో ఆయన ముందు పెట్టాలి. తన బ్లెండ్ ఏదో ఆయన చెప్పాలి. సరిగ్గా చెప్తే నేను కలిపిన చివరి జార్, పాళ్ళు రాసుకున్న నోట్‌బుక్ ఆయనవే.

6. గ్లాసుల పని రిషితకు ముందే నోటితో చెప్పి ఉంచాను. ఈ కాగితం సీలు వేసిన కవరులో ఉంటుంది. ఆయన జవాబు చెప్పాకే విప్పాలి.

మూడు గ్లాసుల్లోనూ ఉన్నది ఒకటే. మూల మీది షాపులో కొన్న చవక సరుకు, పొగ వాసనే లేనిది. మూడూ తనవి కావని ఆయన అని ఉంటే, అన్నీ ఇచ్చేసి, నాగమల్లేశ్వరి క్షమించమందని చెప్పండి. ఏ ఒక్కటి చూపించి ఉన్నా, రిషితా, నోట్‌బుక్ నువ్వు తీసుకో. పైకి వెళ్ళి జార్‌ను కిచెన్ సింకులో మెల్లగా వంచు. నీళ్ళు వదలొద్దు. బేస్‌మెంట్ తలుపు తీసే ఉంచు. వాసన మెట్లు దిగి వస్తుంది. అదేమిటో వాళ్ళందరికీ తెలుసు.

2025 జూన్ 14, శనివారం.

(సంతకం) కొల్లి నాగమల్లేశ్వరి

మా ఎదుట ఆమె సంతకం చేశారు:
సాక్షి: ఫణి, ఎదురింటివారు
సాక్షి: అంకిత, ల్యాబ్‌లో సహోద్యోగిని