ఆరో పాట

జనవరి 18
ఆల్బం ఎనిమిది పాటల్ల నాలుగే కుదిరినయ్. మా గురువు నేర్పిన తత్వాలు పరదేశపు రెగ్గే దరువుల మంచిగ కూసున్నయ్ — నడుమ గీ ఉద్యమం పాటలేంది, అతుకుల బొంత లెక్క. గిటార్ వాయించే ప్రసాద్ అననే అన్నడు, "ఆరోది తీసేద్దామండీ, కేకలేసినట్టుంది." గుంటూరోడివి, నీకేం ఎరుక అన్న. మొఖం చిన్నగ చేసుకొని తీగలు బిగిచ్చుకుంట కూసున్నడు. తప్పు నాదే. చెప్పలే.

జనవరి 19
బంద్. చైతన్యపురిల స్టూడియోకు తాళం.

జనవరి 21
ఎల్బీనగర్ చౌరస్తా, దీక్షా శిబిరం. ఆరో పాట పాడిన. "అడుగు తల్లీ, పానమన్న ఇస్త..." మూడుసార్లు పాడిచ్చిన్రు. తత్వం ఎత్తుకోంగనే సగం మంది ఛాయ్‌కి లేసిన్రు. అబద్ధమెందుకు, సంబురమైంది. ఆల్బం నడిస్తే గీ పాటతోటే నడుస్తది.

జనవరి 25
శిబిరంల ముందట కూసున్న పిలగాడు పానం తీసుకున్నడు. నల్గొండ దిక్కు ఊరు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఉండి కోచింగ్ తీసుకుంటుండె. నా పాట ఫోన్ల రికార్డు చేసుకున్నడట. మూడు రోజుల సంది గదే విన్నడట — వాని దోస్తు వచ్చి చెప్పిండు. నన్ను తిట్టలే. తిడ్తె బాగుండు.

జనవరి 26
బువ్వ పోతలేదు. మా ఇంటామె, "నువ్వొక్కనివే పాడినవా, ఊరంత పాడుతలేరా..."
ఊరంత పాడనీ. వాని ఫోన్ల ఉన్నది నా గొంతు. పానమిస్తనని పాడినోన్ని పొద్దుగాల అద్దం ముందట గడ్డం గీసుకుంటున్న. థూ.

జనవరి 28
ప్రసాద్‌ను తోల్కపోయి ఆరో పాట చెరిపిచ్చిన. "మళ్లీ కావాలంటే రాదండీ..." రావొద్దు.
మిగిలినయి విన్న. ఈ దేహం పాత గుడ్డ, ఇడిసి పోవుడే అని తత్వంల నేనే పాడిన. ఎంత అల్కగ, బరువే లేనట్టు పాడిన! నాలుగు కుదిరినయ్ అన్న గద... ఒక్కటి గూడ కుదరలే.

ఫిబ్రవరి 2
పిలగాని తల్లి ఫోన్ చేసింది. తిడ్తదనుకున్న.
"అయ్యా, ఎల్లుండి దినాలు. తత్వాలు పాడతవంట గద..."
చావింటోళ్లు పిలిస్తే మా గురువు ఎన్నడు రానన్లే. నేను గూడ అన్లే. వస్త తల్లీ అన్న.
"మా కొడుకు ఆఖరికి ఇన్న పాట నీదేనంట. ఫోన్ పోలీసోళ్ల దగ్గరుంది. నాకు ఇనబుద్ధైతుంది అయ్యా. జర గది పాడతవా?"
ఊ అన్ననో లేదో... యాదికి లేదు.

ఫిబ్రవరి 3
రేపు పొద్దుగాల బస్సు. చెరిపిచ్చిన పాట ఒక్క ముక్క గూడ మర్వలే. ఆమె ముందట కూసొని ఎట్ల పాడాలె? పాడకుంట ఎట్ల లేసి రావాలె?