ఎవరికీ చెప్పొద్దు, వదినా

ప్రేమగల నాన్నకి,

ఫోన్ ఎన్నిసార్లు చేసినా నీ ఓడకి కలవడం లేదు. అందుకే రాస్తున్నాను. ఇంజన్ గదిలో నిలబడి చదవకు, ఎక్కడైనా కూర్చుని చదువు.

బాబాయి మళ్ళీ తాగుతున్నాడు. పిన్ని పోయాక ఆ ఖాళీ ఇంటికి పోలేక, కళ్ళజోళ్ళ షాపు కట్టేసి నేరుగా బారుకి వెళ్తున్నాడట. ఎవరూ కనిపెట్టలేదు, తనే వచ్చి మన వంటింట్లో అమ్మకి చెప్పుకున్నాడు. "నా వల్ల కావట్లేదు వదినా. నువ్వు ప్రార్థన చెయ్యి. ఎవరికీ చెప్పొద్దు వదినా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. నేను చూశాను నాన్నా, అది ప్రేమ లేని చెయ్యి కాదు.

ఆ తర్వాతి ఆరాధనలో, బాబాయి పాటల బృందం ముందు నిలబడి ఉండగా అమ్మ లేచింది. "పాపం కడుపులో పెట్టుకుని పాడితే దేవుడు వింటాడా?" అని మొదలుపెట్టి, వంటింట్లో విన్నదంతా చెప్పేసింది. పాస్టరు గారు "తర్వాత మాట్లాడుకుందాం అమ్మా" అంటున్నా ఆగలేదు. పెద్దలు బాబాయిని పాటల నుంచి తీసేశారు, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల దగ్గరికి రావద్దన్నారు. బాబాయి గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

అమ్మది కక్ష కాదు. అదే నా భయం. కక్షయితే కాళ్ళావేళ్ళా పడైనా చల్లార్చేదాన్ని. మరిది ఆత్మని కాపాడుతున్నానని తను నిజంగా నమ్ముతోంది. "సిగ్గుపడితేనే మారతాడు" అంటూ ఆయన కోసం ఉపవాసం కూడా ఉంటోంది! బాబాయి షాపుకి వెళ్ళడం లేదు. తలుపు తీయడం లేదు. నేను గుమ్మం దగ్గర పెట్టిన భోజనం డబ్బా పెట్టినట్టే ఉంటోంది.

ఈ ఆదివారం నా బాప్తిస్మం. అమ్మ తెల్ల గౌను కుట్టించింది. బాబాయిని గెంటేసిన చోట నేను నీళ్ళలో దిగలేను. ఆ మాట అమ్మకి ఎలా చెప్పను? నాకేం తోచడం లేదు నాన్నా. ఎలాగైనా రా.

నీ పిచ్చుక

*

నాన్నా,

బాబాయి బతికే ఉన్నాడు. ముందు ఆ మాట చదువుతావని పైన రాస్తున్నాను.

బాప్తిస్మం వద్దన్నందుకు అమ్మ "అయితే నువ్వూ వాడి వెనకే పో" అంది. పోయాను. ఎంత పిలిచినా బాబాయి పలకలేదు. కింద వాటాలో ఉండే వడ్రంగి వచ్చి గడియ విరగ్గొట్టాడు. బాబాయి నేల మీద ఫిట్స్‌తో కొట్టుకుంటున్నాడు.

తాగి కాదు నాన్నా. సంఘం ముందు శుభ్రంగా నిలబడాలని ఒక్కసారిగా మానేసినట్టున్నాడు. అలా మానితే ప్రాణం మీదికొస్తుందట. "ఎవరికైనా ఒక మాట చెప్పుకోవాల్సింది కదమ్మా, మందులిచ్చి మెల్లగా మాన్పించేవాళ్ళం" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. చెప్పుకున్నాడండీ అని నోటిదాకా వచ్చింది.

అమ్మ సంఘం ఆడవాళ్ళతో వచ్చింది. పెనుగులాడకుండా బాబాయి చేతులు మంచానికి కట్టి ఉన్నాయి. ఒళ్ళు తెలియని కలవరింతలో ఒకటే మాట. "ఎవరికీ చెప్పొద్దు వదినా... ఎవరికీ చెప్పొద్దు." అమ్మ పక్కనే ఉన్నా ఆమె కనిపించడం లేదు తనకి. ఇంకా మన వంటింట్లోనే ఉన్నాడు.

వచ్చినవాళ్ళలో ఒకామె "చూశారా, దేవుడు ఊరుకుంటాడా మరి" అంది. అమ్మ గిర్రున తిరిగింది. "బయటికి వెళ్ళండి. అందరూ వెళ్ళండి." తెర లాగేసి, మంచం పట్టె పట్టుకుని కూలబడింది. "చెప్పను తమ్ముడూ. ఎవరికీ చెప్పను" అంటూనే ఉంది, బాబాయి నిద్రలోకి జారుకునేదాకా.

ఇవాళ కళ్ళు తెరిచి నాలుగు చెంచాల నీళ్ళు తాగాడు. అమ్మని చూసి మొహం గోడకి తిప్పుకున్నాడు. అమ్మ లేచి వెళ్ళలేదు. క్షమించమనీ అనలేదు, అడిగే మొహం లేదని నాతో అంది. గండం గడిచిందని డాక్టరు ఇంకా అనడం లేదు.

ఇందాక నేను రాస్తుంటే అమ్మ "మీ నాన్నకేనా?" అంది. అవునన్నాను. "తమ్ముడి తాగుడు గురించి ఎక్కువ రాయకు. నేను చేసింది మాత్రం ఒక్క ముక్క దాచకు" అంది.

నీ పిచ్చుక