పదకొండో ప్రతివాది రాఖీ

సిరిసిల్ల

గౌరవనీయులైన వకీలు గారికి,

తమరు వేసిన దివాలా పిటిషన్ చక్కగా పనిచేస్తున్నది. అప్పులవాళ్లెవరూ వసూలుకు నా ఇంటికి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చిన నాటి నుంచి ఫైనాన్స్ వాళ్ల బండి మా గల్లీలోకి రాలేదు. మగ్గానికి నూలు అప్పిచ్చిన సేటు ఫోన్ చేయలేదు.

అయితే ఒక ఇబ్బంది వచ్చింది. అప్పు ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ రాయాలని తమరు అన్నందున, బీడీలు చుట్టి కూడబెట్టిన పీఎఫ్ డబ్బు నాకిచ్చిన మా అక్క ఎల్లవ్వను పదకొండో ప్రతివాదిగా చేర్పించాను. కోరుట్లలో ఆమెకు నోటీసు అందింది. ఈసారి ఆమె రాఖీ కట్టడానికి రాలేదు. ఫోన్ చేసి అడిగాను.

"నీ ఇంటికి రావద్దని కోర్టు కాయిదం అచ్చె గదా తమ్మీ! నేనస్తే పైసల కోసమే అచ్చిందంటరు. నీ కేసు ఖరాబైతది" అన్నది.

కావున, రాఖీ కట్టడం వసూలు కిందికి రాదని తమరు ఒక కాగితం రాసి, స్టాంపు వేసి ఇప్పించగలరు. ఆమెకు చదువు రాదు గానీ స్టాంపును నమ్ముతుంది.

మరొక విషయం. మా మరమగ్గం ఆగిపోయే ముందు దింపిన ఆఖరి చీరను ఆమెకు పెట్టాలని దాచాను. ఆస్తుల జాబితాలో దానిని రాయలేదు. కోర్టు వారు అడిగితే, అది నాది కాదని చెప్పండి.

ఇట్లు,
తమరి పిటిషన్‌దారు