నీలం గౌను పిల్ల

ఫిబ్రవరి 3, సోమవారం

నాన్న ప్రసంగాల నోట్‌బుక్కులు ఇంటికి తెచ్చుకున్నాను. నలభై ఒక్క ఏళ్లవి, నూట పన్నెండు పుస్తకాలు. చర్చికి వందేళ్లు నిండుతున్నాయి కాబట్టి పాత పాస్టరుగారి ప్రసంగాలన్నిటికీ ఇండెక్స్ కావాలట. కూతురు లైబ్రేరియన్ అయ్యుండి ఇంకెవరి కాళ్లు పట్టుకోమంటావమ్మా అన్నారు చర్చి సెక్రటరీ. పొగిడి పని చేయించుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఒక పుస్తకం తెరిచేసరికి పాత ఇంటి శనివారం సాయంత్రాలు ముందుకొచ్చాయి. నాన్న హాల్లో అటూ ఇటూ నడుస్తూ ప్రసంగం వల్లె వేసుకునేవారు. అమ్మ ఇస్త్రీ చేస్తూ వినేది. మరీ సాగదీస్తే ఇస్త్రీపెట్టె కాస్త గట్టిగా కింద పెట్టేది. ఆయన వెంటనే ఒక పాయింట్ కొట్టేసేవారు. సంఘాన్ని అన్నేళ్లు కాపాడింది ఆ ఇస్త్రీపెట్టే. అమ్మ పోయాక ఆయన ప్రసంగాలు గంటంపావు దాటాయి.

ఇప్పుడు నాన్న ఆస్పత్రిలో ఉన్నారు. గుండె బాగా అలిసిపోయింది, వారాల మాటే అంది డాక్టరమ్మ.

ఫిబ్రవరి 5

నాన్న పొద్దున్నే నర్సును అడిగారట, నేను నిజంగా ఎన్నుకోబడినవాళ్లలో ఉన్నానంటావా అని. ఏ లిస్టు సార్, స్కానింగ్‌దా అందట ఆవిడ. నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

నలభై పుస్తకాలు అయ్యాయి. ఎక్కడ మొదలుపెట్టినా నాన్న తేలేది ఒక్క చోటే, దేవుడి ఏర్పాటు దగ్గర. లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్లను ఎన్నుకున్నాడు, వాళ్ల మంచితనం చూసి కాదు, ఊరికే, కృపతో. దానికి ఉదాహరణ ఎప్పుడూ నేనే. అనాథ పిల్లల హోమ్‌లో నలభై మంది పిల్లలుండగా ఈ పిల్లనే ఎందుకు తెచ్చుకున్నాం అని మొదటి బెంచీ వైపు చెయ్యి చాపేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. లోపల మాత్రం ఎంత గర్వమో.

మిగతా కథ అమ్మది. ప్రతి పుట్టినరోజుకీ చెప్పాల్సిందే. వాళ్లు మొదటిసారి హోమ్‌కి వెళ్లిన రోజు ఎండ మండిపోతోంది. నీలం గౌను వేసుకున్న నాలుగేళ్ల పిల్ల, ఎవరూ చెప్పకుండానే, గ్లాసుతో నీళ్లు తెచ్చి అమ్మకిచ్చింది. సగం దారిలోనే ఒలికిపోయాయి. ఈ పిల్లే అంది అమ్మ. వారం తర్వాత కాగితాలతో వచ్చి తీసుకెళ్లారు.

ఆ గ్లాసు నాకు బాగా గుర్తు. అంచు దగ్గర సొట్ట. నీళ్లు కాలి మీద పడి చల్లగా అనిపించడం కూడా గుర్తు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

ఒక ఖాళీ కనిపించింది. పరిశుద్ధ గ్రంథంలోని మొదటి పుస్తకాన్ని నాన్న మూడుసార్లు అధ్యాయం తర్వాత అధ్యాయంగా బోధించారు. మూడుసార్లూ ఒకే అధ్యాయం దాటేశారు. తమ్ముడు అన్న బట్టలు తొడుక్కుని, చూపు లేని తండ్రి దగ్గర అన్నకు రావాల్సిన దీవెన కొట్టేసే అధ్యాయం. ఏర్పాటు అంటే చెవి కోసుకునే మనిషి దాన్నెలా వదిలారు? రేపు అడగాలి.

ఫిబ్రవరి 12, సాయంత్రం 6

ఎందుకడిగానా అనిపిస్తోంది.

 నాన్న మొత్తం చెప్పేశారు. హోమ్‌లో బట్టలు ఎవరివీ సొంతం కాదు. శనివారం ఉతికి, సైజు చూసి, చేతికందింది తొడిగేవాళ్లు. మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఆ పిల్ల పేరు కూడా తెలీదు, నీలం గౌను పిల్ల అని చెప్పి వచ్చారు. వార్డెన్ అదే రాసుకుంది. వారం తర్వాత వెళ్లేసరికి నీలం గౌను నా ఒంటి మీద ఉంది.

అమ్మ ఏడుపులో, సంతోషంలో గమనించలేదు. నాన్న మాత్రం గేటు దగ్గరే గుర్తుపట్టారు. నీళ్లు తెచ్చిన పిల్లకు ముందు పన్ను లేదు. వెనక్కి తిరిగితే ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. నేనేం చేసేది తల్లీ, అప్పటికే నువ్వు మీ అమ్మ వేలు పట్టేసుకున్నావు అన్నారు.

అక్కడే కాగితాల మీద సంతకం పెట్టేశారు. అమ్మకు చివరిదాకా చెప్పలేదు.

దేవుడు పొరపాటు పడడని నలభై ఏళ్లు గొంతు చించుకున్నాను, నేను ఎన్నుకున్న పిల్లను నేనే వదిలేసి వచ్చాను అన్నారు. దేవుడూ నన్నలా కిటికీ దగ్గర వదిలేసి వెళ్లిపోతేనో అని అడిగారు.   బ్యాగు తీసుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 13

లైబ్రరీకి వెళ్లలేదు. ఆస్పత్రికీ వెళ్లలేదు.

ఫిబ్రవరి 15

మరి ఆ గ్లాసు నాకెలా గుర్తు? ఆ సొట్ట, ఆ చల్లదనం? నలభై ఐదేళ్లు ఇంకొకరి జ్ఞాపకం మోశాను. నన్నెవరూ ఎన్నుకోలేదు. శనివారం ఉతుకులో తేలాను. కోపం వస్తోంది. చచ్చిపోయిన అమ్మ మీద కూడా వస్తోంది, ఆవిడకేం తెలుసని.

సాయంత్రం వంట చేస్తూ ఉంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఇది మాత్రం నాదే, ఎవరూ కథగా చెప్పింది కాదు. వచ్చిన కొత్తలో రోజూ పక్క తడిపేదాన్ని. తిరిగి పంపేస్తారని భయమేసి దుప్పటి మంచం కింద దాచేదాన్ని. అమ్మ ఏమీ అనకుండా తీసి ఉతికేది. నాన్న ఆరేసేవారు. సంఘం వాళ్లు చూస్తారని ఆయన ప్రసంగం చొక్కాలు దండెం ముందు వరసలో వేసి, దుప్పటి వెనక వేసేవారు. నెల రోజులు. పేరుపెట్టి ఎన్నుకున్న పిల్లకు అంతకంటే ఏం చేస్తారు?

బాగా ఏడ్చాను.

ఫిబ్రవరి 17, ఉదయం 10

వెళ్లాను. చిక్కిపోయారు. పది రోజుల గడ్డం. ఎవరూ అని అడిగారు. పొరపాటున వచ్చిన కూతుర్ని అన్నాను. నవ్వబోయి దగ్గారు. నా మీద ఆయనకు అనుమానమేమీ లేదట, నువ్వు నా పిల్లవి, అది తేలిపోయింది అన్నారు. ఆ కిటికీ దగ్గరి పిల్ల ఏమైందో తెలిస్తే, క్షమాపణ అడిగితే చాలట. తెలియకుండా దేవుడి ముందుకెళ్లి నిలబడలేనన్నారు.

ఫిబ్రవరి 19

హోమ్‌కి వెళ్లాను. ఇప్పటి వార్డెన్ రిజిస్టర్ వెతికింది. నా ఈడు పిల్ల ఒకామె ఐదు నెలల తర్వాత ఒక టీచర్ల జంటతో వెళ్లింది. చిరునామా ఇవ్వకూడదట. తనే కబురు పెడతానంది.

ఫిబ్రవరి 22, ఉదయం 11

టీచర్ల ఇంటికెళ్లిన ఆవిడే ఫోన్ చేసింది. ఈత నేర్పుతుందట, అందుకేనేమో ఫోన్లో కూడా కొలను అవతలి ఒడ్డుకు వినపడేలా మాట్లాడుతుంది. నేను తడబడుతూ చెప్పాను, మా నాన్న మిమ్మల్ని వదిలేసి వచ్చారు, క్షమాపణ అడగమన్నారు అని.

ఆవిడ పకపకా నవ్వింది. ఆ కథ తనకు తెలుసట, కొత్తింటికి రాగానే వాళ్లమ్మకు తనే చెప్పిందట. ప్రతి పుట్టినరోజుకీ వాళ్లమ్మ చెప్పేదట. ముందు ఎవరో నీ కోసం వచ్చారే, దేవుడు వాళ్ల కళ్లు కప్పి ఇంకో పిల్లను ఇచ్చి పంపాడు, నిన్ను మా కోసం దాచిపెట్టాడు అని. నేను కాదండీ మిగిలిపోయింది, నన్ను ఎన్నుకున్నారు అంది.

అదే రోజు, సాయంత్రం 4

నాన్నకు చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు. మూడుసార్లు చెప్పించుకున్నారు. మధ్యలో సిద్ధాంతపరంగా ఆవిడ మాట ఎంతవరకు నిలుస్తుందో వాదన మొదలుపెట్టారు, దగ్గొచ్చి ఆపేశారు. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడుపు ఆగాక, అయితే అక్కడ కిటికీ దగ్గర ఎవరూ లేరన్నమాట అన్నారు.

తర్వాత గడ్డం గీయించమన్నారు.

మార్చి 2, ఆదివారం

నాన్న నిన్న ఉదయం పోయారు. ఈత నేర్పే ఆవిడ బస్సెక్కి వచ్చింది. సమాధుల తోటలో మేస్త్రీ, మొదటి పిడికెడు మట్టి కూతురే వెయ్యాలి, కూతురెవరమ్మా అని అడిగాడు. నేను ఆవిణ్ణి చూపించాను. అప్పటికే ఆవిడ నన్ను చూపిస్తోంది.